ఏ మీటింగ్‌లో బిడ్డా?

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేశాడు. కేయూలో, అదే కాకతీయ యూనివర్సిటీలో, నీకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ సీటొచ్చిందట. "ఉద్యోగం, చంటిపిల్ల, ఇప్పుడు ఇదెందుకు" అని గొణిగాడు గానీ, గొంతులో సంబరం దాగలేదు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తా. మొదట్లో క్లాసులు, పరీక్షలు ఉండే కోర్సు వర్క్‌లో 55 శాతం రావాలి, అది నీకో లెక్క కాదు. ప్రతి సెమిస్టర్ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉంటుంది, ఎగ్గొట్టకు. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే తంటా. కాలేజీ నుంచి తెచ్చుకునే నో అబ్జెక్షన్ మాత్రం జాగ్రత్తగా చదువు. యూనివర్సిటీలన్నిటికీ రూల్స్ పెట్టే యూజీసీ 2022లో తెచ్చిన వాటి ప్రకారం, అవసరమైతే కోర్సు వర్క్ కోసం నిన్ను డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామన్న మాట కూడా అందులో ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకం పడింది కదా అని మురిసిపోయి వచ్చేయకు.

మీ గైడ్‌కు సర్వీసు ఇంకా ఎన్నేళ్లుందో కనుక్కున్నావా? అడగడానికి మొహమాటమైతే డిపార్ట్‌మెంట్ అటెండర్‌ను అడుగు. ఎవరి రిటైర్మెంట్ ఎప్పుడో వాళ్లకు నోటికి వచ్చు. మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని ఇప్పుడు రూలు. రిటైరయ్యాక 70 ఏళ్లు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా మాత్రం ఉండొచ్చు. ఈ గైడ్ సంగతి ఇంతగా ఎందుకు పట్టుకున్నానో చెప్తా.

నేను పీహెచ్‌డీ మధ్యలో వదిలేశానని నీకు తెలుసు. పిల్లలు పుట్టారని మానేసిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. నేనూ ఎప్పుడూ కాదనలేదు. అలా అనుకుంటేనే నాకు పరువు.

జనగామలో లెక్చరర్‌గా ఉన్నప్పుడు రిజిస్టర్ చేసుకున్నా. యూనివర్సిటీ పేరు ఇప్పుడెందుకులే. టైటిల్ చేనేత సహకార సంఘాల ఆర్థిక పరిస్థితి మీద. ఆ లెక్కల కోసమే మొదటిసారి వరంగల్‌లో నేతవాళ్లుండే కొత్తవాడ పోయా. వరంగల్ తివాచీలను 1851లోనే లండన్ ఎగ్జిబిషన్‌లో పెట్టారని చదివి, ఏదో గొప్పగా ఉంటుందనుకుని పోయా. తీరా చూస్తే మగ్గం పక్కన కూర్చుని దారం చుట్టే ఆడవాళ్లు కనిపించారు. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. నేను చూసిన సొసైటీ రిజిస్టర్లలో వాళ్ల పేర్లే లేవు. ఇదీ రాయాల్సింది అనిపించింది.

గైడ్ సార్‌కు చెప్పా. "మంచి టాపిక్ అమ్మా, దీని మీదే రాయి. టైటిల్ సంగతి నేను చూసుకుంటా" అన్నారు. మంచి మనిషి, టీ కూడా తెప్పించారు. నాలుగేళ్లు నా ఆదివారాలన్నీ కొత్తవాడవే. జనగామలో పాసింజర్ ఎక్కడం, వరంగల్‌లో దిగి నడుచుకుంటూ పోవడం. మీ మామ పప్పుచారు నేర్చుకున్నది అప్పుడే, ఇప్పటికీ అదొక్కటే వచ్చు. 312 పేజీలు టైపు చేయించా. ఈలోగా సార్ రిటైరయ్యారు.

సబ్మిట్ చేద్దామని పోతే యూనివర్సిటీ సెక్షన్‌లో క్లర్కు నా ఫైలు తీసి చూశాడు. "మేడమ్, మా దగ్గరున్న టైటిల్ ఒకటి, మీరు తెచ్చింది ఇంకొకటి" అన్నాడు. సార్ ఒప్పుకున్నారన్నా. "ఏ మీటింగ్‌లో?" అన్నాడు. కసురుకోలేదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కమిటీ మీటింగుల్లో ఏం తేల్చారో రాసుకునే మినిట్స్‌లో నా పేరు మీద ఒక్క ముక్క లేదు. టైటిల్ మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, కొత్త గైడ్‌ను ఇవ్వాలన్నా కమిటీయే కూర్చోవాలి. అది కూర్చునేసరికి ఏడు నెలలు పట్టింది. నా గడువు అంతకు రెండు నెలల ముందే అయిపోయింది. పొడిగించమని దరఖాస్తు ఇచ్చా కదా అంటే, అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న కాపీ చూపించమన్నారు. రైలు పోతుందని కౌంటర్ మీద పెట్టి ఉరికొచ్చా బిడ్డా. ముద్ర ఎక్కడిది?

చాలా ఏళ్లు సార్‌ను తిట్టుకున్నా. తర్వాత నేనే అలాంటి ఓ యూనివర్సిటీ కమిటీలో, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, మెంబర్‌నయ్యా, అటువైపు కూర్చుంటే తెలిసింది. రెండు గంటలు మాట్లాడుకుంటాం, చివరకు రాసి సంతకం పెట్టిన రెండు వాక్యాలే మిగుల్తాయి. పైన అకడమిక్ సెనేట్ దాకా వెళ్లేదీ ఆ కాగితమే. అక్కడున్న వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకు నువ్వు కనిపించవు, అంతే.

అందుకని, గైడ్ ఏది చెప్పినా సాయంత్రానికల్లా "మీరు ఇలా చెప్పారు" అని మర్యాదగా మెయిల్ పెట్టు. టైటిల్‌లో ఒక్క మాట మారినా కమిటీలో పెట్టించి, మినిట్స్ కాపీ తీసుకో. దరఖాస్తు రెండు కాపీలు, ఒకదాని మీద ముద్ర. యూజీసీ హద్దులు గీస్తుంది, లోపలి రూల్స్ యూనివర్సిటీ రాసుకుంటుంది. పేపర్లు పబ్లిష్ చేయాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, మీ దగ్గర ఉందో లేదో చూసుకో. నువ్వు చేరిన ఏటి రూల్స్ పుస్తకం జిరాక్స్ తీసి పెట్టుకో. సీనియర్లు చెప్పేవి వాళ్ల బ్యాచ్ రూల్స్.

ఆరేళ్ల గడువు అడ్మిషన్ తేదీ నుంచి లెక్క, టాపిక్ ఓకే అయిన రోజు నుంచి కాదు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు ఆపైన మరో రెండు ఇవ్వొచ్చు. మొత్తం పదేళ్లు దాటకూడదు. పదేళ్లున్నాయని ఇప్పుడే కాళ్లు చాపకు! ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు కూడా ఉంది, మాకు అలాంటిదొకటి అడగొచ్చని కూడా తెలియదు. పాపకు జ్వరమొస్తే సెమినార్ వదిలేసి ఇంటికి రా, ఎవరేమన్నా సరే. వచ్చేముందు మెయిల్ మాత్రం పెట్టు.

అత్త సెక్షన్ క్లర్కులా మాట్లాడుతోందని నవ్వుకుంటున్నావు కదూ. నవ్వు.

ఆదివారం పాపను తీసుకుని హన్మకొండ రా. సందుగలో ఆ 312 పేజీలూ, పదకొండు కొత్తవాడ నోట్‌బుక్కులూ ఉన్నాయి. నాలుగోదాన్ని చెదలు కొంచెం తిన్నాయి, మిగతావి బాగున్నాయి. పనికొస్తే తీసుకుపో. ఫుట్‌నోట్‌లో మాత్రం నా పేరు పెట్టు, లేకపోతే ఆ 10 శాతంలో లెక్కేయిస్తా. వచ్చేటప్పుడు అడ్మిషన్ ఆర్డర్ జిరాక్స్ ఒకటి తే, నా దగ్గర ఉంచుకుంటా.

మీ అత్త