పాలు పొంగాయి, స్టవ్ ఆగిపోయింది

"కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారాక అది మన ఇల్లే అనిపించడానికి ఎన్నాళ్ళు పడుతుంది? మీ అనుభవం చెప్పగలరా?" అని అడిగారు.

నాకు ఒక్క రాత్రి పట్టింది. అమ్మకి ఏడాదిన్నర. నాన్నకి ఇంకా కాలేదు.

నా సంగతి ముందు చెప్పేస్తాను, అందులో పెద్ద కథేం లేదు. మాది ఒడిశా గంజాం జిల్లా బరంపురం. పాత ఊళ్ళో, మగ్గాల వీధిలో పొడుగాటి పెంకుటిల్లు. ముందు అరుగు, దాని వెనక వరసగా గదులు, చివర నుయ్యి, నుయ్యి దాటితే గానీ బాత్రూం రాదు. ముప్ఫై ఏళ్ళు అర్ధరాత్రి పూట టార్చిలైటు పట్టుకుని, వానాకాలమైతే ఇంకో చేత్తో గొడుగు కూడా పట్టుకుని వెళ్ళినదాన్ని. ఫ్లాట్‌లో మంచం దిగి ఆరడుగులు వేస్తే బాత్రూం. ఆ రాత్రే ఇది నా ఇల్లని ఒప్పేసుకున్నాను. పాత ఇళ్ళ మీద బెంగపడి కవితలు రాసేవాళ్ళంతా మగవాళ్ళేనని నా గట్టి అనుమానం.

మారాలన్న మాట మొదట 2013లో వచ్చింది. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మా పక్కనే గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మా పెంకులు ఒక్కొక్కటే లేచి ఎవరి పెరట్లో పడ్డాయో కూడా తెలీలేదు. తెల్లారాక అమ్మ తడిసిన పరుపు పిండుతూ "స్లాబు ఇంటికి పోదాం" అంది. నాన్న "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం తొమ్మిదేళ్ళు నడిచింది. 2022 జూన్‌లో అంకులి వైపు మూడో అంతస్తులో ఒక అద్దె ఫ్లాట్‌కి మారాం. పాతింట్లో బాబాయి వాళ్ళు ఉండిపోయారు.

సిలిండరు కూడా వాళ్ళకే వదిలేశాం. కొత్త గ్యాస్ కనెక్షన్ తీసుకునే పని నాన్నది. దానికి అడ్రస్ ప్రూఫ్ కావాలి, ఆధార్‌లో ఉన్నదేమో పాత వీధి. "ఆధార్ వచ్చే నెల మారుద్దాంలే" అన్నాడు. సరే, పాలు పొంగించడానికి ఇండక్షన్ స్టవ్ ఉందిగా అని నేనే ధైర్యం చెప్పాను. ఆ ధైర్యం ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ముహూర్తం తెల్లవారుజామున 5:10కి. గుమ్మానికి మామిడి తోరణం కట్టాం, దేవుడి పటం పెట్టాం. అమ్మ దీనికోసమే కొన్న కొత్త ఇత్తడి గిన్నెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, లీటరు పాలు పోసి స్టవ్ మీద పెట్టింది. టిక్కుటిక్కుమని నాలుగుసార్లు మోగి స్టవ్ ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మోగింది. ఇండక్షన్ మీద అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె అయితేనే వేడెక్కుతుంది, ఇత్తడి దానికి గిన్నె కిందే లెక్క కాదు. ఆ మాట ఆ నిమిషం దాకా మాలో ఒక్కరికీ తట్టలేదు.

స్టీలు కుక్కరు కోసం అట్టపెట్టెలు విప్పాం. పదకొండు పెట్టెలు. పైన ఏముందో రాయమని నేను మొత్తుకుంటే నాన్న అన్నిటి మీదా "సామాను" అని రాశాడు. (ఇల్లు మారేవాళ్ళకి నేనిచ్చే ఒకే ఒక్క పనికొచ్చే సలహా ఇదే: పెట్టెల మీద రాసే పని ఇంటి పెద్దాయనకి ఇవ్వకండి.) తొమ్మిదో పెట్టెలో కుక్కరు దొరికింది. పాలు అందులోకి మార్చాం, కాగాయి, ఉబ్బాయి. అమ్మ చేతులు జోడించింది. అంచు దాటి మొదటి చుక్క మీటల మీద పడీ పడగానే స్టవ్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది. పొంగు అలాగే వెనక్కి దిగిపోయింది.

"పొంగినట్టా, పొంగనట్టా?" అంది అమ్మ. ఎవరం మాట్లాడలేదు.

ఆ మోతకి ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. తలకి తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దావిడ, "కొణొ హెలా?" అంటూ వచ్చింది. ఏమైందో చెప్పాను. ఆవిడ స్టవ్ వంక చూసి, గిన్నె వంక చూసి, "మా వంటింట్లో పెట్టేసుకోండి" అంది. అమ్మ నన్ను పక్కకి లాగి గుసగుసగా, "వాళ్ళింట్లో పొంగితే కలిసొచ్చేది వాళ్ళకి కదే" అంది. మా ఊళ్ళో ఒడియావాళ్ళకి తెలుగు బాగానే అర్థమవుతుందని అమ్మకి తెలీక కాదు, కంగారు. ఆవిడ పకపకా నవ్వేసింది. ఐదు నిమిషాల్లో వాళ్ళబ్బాయి సిలిండరు భుజాన వేసుకుని, స్టవ్ చంకలో పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు. పాలు మళ్ళీ ఇత్తడి గిన్నెలోకి మారాయి. అవి తూర్పుకే పొంగాలని అమ్మ పడమటి వైపు స్టవ్ కింద క్యాలెండరు కాగితం మడతపెట్టి దూర్చింది. బుద్ధిగా తూర్పుకే పొంగాయి. ముహూర్తం దాటి అప్పటికి ముప్పావుగంట అయింది. ఆ సంగతి పంతులుగారికి మేము చెప్పలేదు, మీరూ చెప్పకండి.

అంతటితో అయిందా? తొమ్మిదింటికి ఇంటి ఓనరు వచ్చాడు. తోరణం చూసి, "ఆషాఢం మొదలైపోయిందిగా, మీవాళ్ళు ఆషాఢంలో కొత్తింట్లో దిగరంటారే?" అన్నాడు, మంచిగానే. అమ్మ మొహంలో రక్తం లేదు. తిరిగి చూస్తే గొడవంతా లెక్కల్లో ఉంది. ఒడియావాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. స్నానపూర్ణిమ, అంటే జ్యేష్ఠ పున్నమి, వెళ్ళిన మర్నాడే వాళ్ళకి ఆషాఢం వచ్చేస్తుంది. మనకి ఇంకా జ్యేష్ఠ బహుళమే. రథయాత్ర నాటికి మళ్ళీ ఇద్దరికీ ఒకే నెల. అంటే ఆ రోజు మా గుమ్మానికి ఇవతల జ్యేష్ఠం, అవతల ఆషాఢం. ఇదంతా ఫోన్లో పంతులుగారు రెండుసార్లు చెప్పాక గానీ అమ్మకి టెన్షన్ తగ్గలేదు.

ఇంకో మాట. ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వాస్తు అడుగుతారు, లిఫ్టు అడుగుతారు, పార్కింగ్ అడుగుతారు. డాబా తాళం ఎవరి దగ్గరుంటుందని ఒక్కరూ అడగరు. నన్నడిగితే అడగాల్సింది అదొక్కటే. అప్పడాలకీ పచ్చళ్ళకీ పేరున్న ఊళ్ళో, డాబా తలుపు మీద "ఇక్కడ ఏమీ ఆరబెట్టరాదు" అని బోర్డు పెట్టినవాళ్ళని ఏమనాలి? అమ్మ మొదటి వేసవి బాల్కనీలో వడియాలు పెట్టింది. ఎండ రెండు గంటలుండేది, అదీ ఎదుటి బిల్డింగు దయతలిస్తే. వడియాలు పులిశాయి. మాగాయ ముక్కలకి బూజు పట్టింది. ఆ వేసవంతా అమ్మ "మీ ఇల్లు" అనేది, "మన ఇల్లు" అని ఒక్కసారి కూడా అనలేదు.

తాళం 2023 డిసెంబరులో వచ్చింది. తెచ్చింది ఎదురు ఫ్లాట్ పెద్దావిడ, ఇప్పుడు మాకు మావుసి (ఒడియాలో పిన్ని). చలికాలం వాళ్ళు బొడి, అంటే వాళ్ళ వడియాలు, పెట్టుకుంటారు. ఆవిడ సెక్రటరీతో మాట్లాడలేదు, నేరుగా వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకీ బొడి కావాలి. బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీదే అమ్మ చీర ఒకటి ఆరుతుంటుంది. మావుసి బొడి, అమ్మ వడియం, రెండిట్లోనూ మినప్పిండే, బూడిద గుమ్మడికాయే. తేడా అంతా కారం దగ్గర. కాకుల్ని తోలే పని వంతులవారీ. మావుసి తన వంతులో కునుకు తీస్తుందని అమ్మ ఫిర్యాదు.

ఇక నాన్న. పొద్దున్నే స్కూటర్ వేసుకుని పాత వీధికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, టీ తాగి, తెలుగు పేపరు చదువుకుని పదకొండింటికి వస్తాడు. రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో రాత్రిపూట ఘటాలు ఊరేగుతాయి. ఆ రోజుల్లో అయితే రాత్రిళ్ళు కూడా అక్కడే. ఇటు మీదుగా రావా అంటే, "వచ్చినా మూడో అంతస్తు నుంచి ఏం కనపడుతుంది, తలల మీద కుండలు తప్ప" అంటాడు. నాన్నని అని లాభం లేదు, అది వంశంలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ముత్తాత కూర్చున్న అరుగు మీంచి లేవకుండానే మద్రాసు నుంచి ఒడిశాకి మారిపోయాడు. ఇల్లు మారడమంటే మావాళ్ళకి తెలిసింది అంతే.

గ్యాస్ చివరికి నా పేరు మీద తీసుకున్నాం. నాన్న ఆధార్‌లో అడ్రస్ ఇంకా పాత వీధిదే. వచ్చే నెల మారుద్దాంలే అంటున్నాడు.