క్రిస్మస్ నాటకానికి రోమన్ కాలపు అంగీలు: ఎంత గుడ్డ కావాలి, ఎలా కుట్టాలి?

గుంటూరులో చర్చి నాటకానికి యోసేపు, మరియ, రోమన్ సైనికుల అంగీలు ఇంట్లోనే కుట్టాలి, నైటీల్లా మాత్రం ఉండకూడదు అని ఒకరు అడిగారు. నైటీ వాలకం వచ్చేది కత్తిరింపు వల్లే. చంక గుండ్రంగా తీసి చేతులు అతికారంటే ఎంత మంచి గుడ్డ అయినా అంతే.

అప్పటి అంగీ రెండు దీర్ఘచతురస్రాలు, మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా. మృత సముద్రం పక్క గుహల్లో దొరికిన ఉన్ని అంగీలూ రెండు ముక్కలు భుజాల మీద కలిపినవే. తేడా పొడవులో: మగవాళ్లకు మోకాలి దాకా, ఆడవాళ్లకు చీలమండ దాకా.

44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) తీసుకోండి. మగవాళ్లకు ముక్క 48 అంగుళాలు (భుజం నుంచి మోకాలికి 42, నడికట్టు మీద వేలాడడానికి 4, మడతకు 2), ఆడవాళ్లకు 58. తడిపితే నూలు కుంచించుకుపోతుంది కాబట్టి రెండు ముక్కలకూ కలిపి మగవాళ్లకు 2.75, ఆడవాళ్లకు 3.25 మీటర్లు కొని, ముందు ఉతికి ఆరేశాకే కొలవండి. మంగళగిరి నేత బాగా ఒదుగుతుంది, జరీ అంచు లేనిది అడగండి. శాటిన్ వద్దే వద్దు. లైట్ల కింద మెరుస్తుంది, నడికట్టు కింద నుంచి జారిపోతుంది.

పన్నా అడ్డంగా, గుడ్డ అంచులు పక్కలకు వచ్చేలా పెట్టండి. పైన మధ్యలో తలకు 12 అంగుళాలు వదిలి, రెండు వైపులా భుజాలు కలపండి. పక్కల్లో పై నుంచి 10 అంగుళాలు చేతులకు వదిలి కిందికి కుట్టండి. ఇక్కడ 7, 8 వదిలితే చెయ్యి ఎత్తినప్పుడల్లా అంగీ మొత్తం పైకి లేస్తుంది. మెడ చివర, చంక చివర నాలుగైదు సార్లు కుట్టు వెయ్యకపోతే మొదటి రిహార్సల్‌లోనే చిరుగుతుంది. విడిగా చేతులు అక్కర్లేదు, భుజం దాటిన వెడల్పే మోచేతి దాకా జారుతుంది.

కట్టుకోవడంలోనే సగం పని ఉంది. నడికట్టు బిగించాక గుడ్డను పైకి లాగి దాని మీద వేలాడనివ్వాలి. సైనికుడికి ఇంకాస్త ఎక్కువ లాగితే మోకాలి పైకి వస్తుంది. వాళ్లందరికీ ఎరుపే ఉండాలని లేదు, తెలుపూ సరైనదే.

రెండు భుజాల మీదుగా ముందూ వెనకా దిగే ఊదా చారలు రోమన్ అధికారులకు హోదా గుర్తు. సిరియా అధిపతి కురేనియు సెనేటర్ కాబట్టి వెడల్పుగా, 3 అంగుళాలు పెట్టండి. ఈస్టర్‌కు ఇవే దుస్తులు వాడితే పిలాతుకు అంగుళం చాలు, అతను అంతకు కింది తరగతి వాడు.

మరియకు నీలం తర్వాతి కాలపు చిత్రకారుల అలవాటు. గోధుమ రంగు అంగీ మీద రెండున్నర మీటర్ల ముతక దుప్పటా తల మీదుగా కప్పితే సరిపోతుంది. భుజం దగ్గర లోపలి నుంచి పిన్ను పెట్టండి, పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు అది జారిపోయేది అక్కడే.