అమ్మడూ, బొడ్డు మీద రంగు పూయకు

అమ్మడూ,

వైజాగ్‌లో పెద్ద హాస్పిటల్ ఉద్యోగం వద్దని, గోదారి లంకల్లో పీహెచ్‌సీ లేబర్ రూమ్‌లో నర్సుగా చేరుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గుండె గుభేలుమంది. ఆ రాత్రి నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

చేతులు కడుక్కోవడం, బిడ్డ తడి తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టడం, బొడ్డుతాడు పొడిగా ఉంచడం నీకు నేను చెప్పాలా? తాడు మొదట్లో లావుగా కనిపిస్తే మాత్రం క్లాంపు దూరంగా పెట్టు. ఒక్కోసారి తాడులోకి పేగు జారి ఉంటుంది. మలద్వారం ఉందో లేదో కళ్ళతో చూడు. ఇరవై నాలుగు గంటల్లో నల్ల మోషన్ అవ్వకపోతే ఎందుకని అడుగు. పేగులు బయటికొచ్చి పుట్టిన బిడ్డయితే శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టి, వెచ్చగా ఉంచి పంపెయ్. ఆ బిడ్డను చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, వెంటనే పరిగెడతారు. నా భయం చూడ్డానికి బాగానే ఉన్న బిడ్డ గురించి.

అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన ఇంకా రాలేదు. నేను సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎమ్‌ని, వర్షాకాలం. ఏడో రోజున బొడ్డు ఊడిన పిల్లాడు. పదకొండో రోజు వెళ్తే, బొడ్డులో దానిమ్మ గింజంత ఎర్రగా ఏదో ఉంది, తడిగా. “గుడ్డ పసుపుగా తడుస్తోందండీ, వాసన కూడా” అంది తల్లి. “పచ్చిబొడ్డేలే, మానిపోద్ది” అని జీవీ పెయింట్, ఆ ఊదారంగు మందు, పూశాను. రెండు రోజులకి మళ్ళీ వెళ్ళి, మళ్ళీ పూశాను. బొడ్డంతా ఊదారంగు, చుట్టూ చర్మం ఊదా, గుడ్డా ఊదానే. దాని కింద ఏ రంగు కారుతోందో నాకే కాదు, ఎవరికీ కనపడకుండా చేశాను.

మూడోసారి సాయంత్రం పిలుపొచ్చింది. పొట్ట బిగుసుకుని డోలులా ఉంది. తోటకూర పసరులా వాంతి. ముసలావిడ “పాలు పడలేదమ్మా” అంది. నేనేమన్నానో తెలుసా? “పొద్దున చూద్దాం.” చీకటి పడ్డాక ఏరు దాటించే పంటు ఉండదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పడవవాణ్ణి లేపితే వచ్చేవాడే. ఆ మాట ఇన్నేళ్ళు ఎవరితోనూ అనలేదు. తెల్లారి మొదటి పంటెక్కి యానాం, అక్కణ్ణుంచి కాకినాడ. దారిలో పిల్లాడు ఏడుస్తుంటే పాలు పట్టించింది కూడా నేనే. తిట్టుకో, పర్లేదు.

డాక్టరుగారు తిట్టలేదు. రెండే ప్రశ్నలు అడిగారు: “బొడ్డులోంచి ఏం కారింది? పసరు వాంతి ఎప్పుడు మొదలైంది?” మొదటిదానికి ఊదారంగు అడ్డం. రెండోదానికి జాడే లేదు, అత్తగారు గుడ్డలన్నీ ఉతికి ఆరేసింది.

తర్వాత కాగితం మీద గీసి చెప్పారాయన. గర్భంలో పేగుకీ బొడ్డుకీ మధ్య ఒక గొట్టం ఉంటుంది, సుమారు తొమ్మిదో వారానికల్లా మాయమవ్వాలి. మాయమవ్వకపోతే బొడ్డులోంచి మలమో గాలో వస్తాయి. లేదా తాడులా మిగిలిపోయి దాని చుట్టూ పేగు మెలిపడుతుంది. మా పిల్లాడికి అలాగే పడింది. జానెడు పేగు నల్లబడిపోయింది. ఆపరేషనైన మూడో రోజు పోయాడు.

ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. రెండో కాన్పుకీ నన్నే పిలిచింది. ఆ పిల్ల బొడ్డు మానేదాకా రోజూ వెళ్ళాను, వాళ్ళ మామగారు విసుక్కునేదాకా.

అందుకే చెప్తున్నా. తడి బొడ్డు మీద ఏ రంగూ పూయకు, తెల్ల గుడ్డ పెట్టి చూడు. మామూలు పచ్చిబొడ్డయితే వైద్యానికి తగ్గుతుంది. తగ్గకపోతే, మలం వాసనొస్తే, బుడగలొస్తే పిల్లల సర్జన్‌కి చూపించమను. మూత్రంలా కారినా అంతే, అది మూత్రాశయం నుంచి వచ్చే వేరే గొట్టం. ఆకుపచ్చ వాంతి మాత్రం ఏ బిడ్డకైనా పేగు అడ్డమే అనుకో, కాదని డాక్టరు తేల్చేదాకా. పేగు మెలిపడితే గంటల్లో చచ్చిపోతుంది. పాలు ఆపు, డాక్టరుకి చెప్పి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేసి పొట్ట ఖాళీ చేయించు, ఒళ్ళు వెచ్చగా ఉంచు, పసరు మరక పడిన గుడ్డ ఉతకనివ్వకు, బిడ్డతోపాటే పంపు. టైము చీటీ మీద రాసి పిన్నుతో గుచ్చు.

ఇప్పుడు వంతెనుంది కదా పిన్నీ అంటావు. గోదారి పొంగి లంక రోడ్లు మునిగితే వంతెనేం చేస్తుందే? జూలై రాకముందే పడవవాళ్ళ నంబర్లు గోడ మీద రాయించు. నీ ఇన్‌హేలర్ మర్చిపోకు, ఆ చెమ్మకి నీకు ఆయాసం ఖాయం. ఆదివారం ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తాను, మీ డాక్టరమ్మకీ పెట్టు.

రాత్రి ఎప్పుడైనా పసరు వాంతి చూస్తే నాకు ఫోన్ చెయ్యి. కాదు కాదు, ముందు 108కి చెయ్యి, బండి కదిలాక నాకు చెయ్యి.

మీ పిన్ని