చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా? ప్రాగ్ నుంచి బుడాపెస్ట్ దాకా రైలు యాత్రకు డబ్బు లెక్క

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, నా భార్యకు 60. హనుమకొండలో ఉంటాం. ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి 2024లో రిటైరయ్యాను. నెలకు 52 వేల పింఛనుతో ఇల్లు గడిచిపోతోంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 25 లక్షలు వేశాను. టీడీఎస్ పట్టకుండా డిక్లరేషన్ ఇచ్చాను. బ్యాంకులో రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి. ఒకటి వడ్డీతో కలిపి 4.3 లక్షలుగా జూలైలో చేతికొస్తుంది. 4 లక్షల రెండో దానికి 2028 దాకా గడువుంది. 5 లక్షల చీటీ సగం దాకా కట్టాను, ఇంకా పాడలేదు. పిల్లలకు పాఠంగా చెప్పిన ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ నగరాలను అక్టోబరులో ఇద్దరం రైల్లో తిరిగి చూడాలని ఉంది. టూర్ కంపెనీని అడిగితే ఎనిమిది ఊళ్లు, తొమ్మిది రాత్రులు, బస్సు ప్రయాణం, మనిషికి 3.2 లక్షలు అన్నారు. చీటీ పాడమని మిత్రులు, క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టమని మా అబ్బాయి, ఐదేళ్లు ఆగమని మా తమ్ముడు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి మాస్టారూ. ఈ ఏడాదే, అప్పు చేయకుండా వెళ్లండి. మీ దగ్గర డబ్బు ఉంది. ఏ జేబులోంచి, ఏ వరుసలో తీయాలన్నదే తేల్చుకోవాలి.

ముందు మీ తమ్ముడి మాట. ఐదేళ్లు ఆగితే ఖర్చు తగ్గదు. 2020 మొదట్లో 80 రూపాయల దగ్గరున్న యూరో 2025లో నూరు దాటింది. పైగా ప్రాగ్ కోట కొండ మీద ఉంది, పాత ఊళ్లో వీధులన్నీ రాళ్లు పరిచినవే. అక్కడి రైల్వే స్టేషన్లలో మన దగ్గరిలా కూలీలు దొరకరు, పెట్టె మీరే మోసుకోవాలి. ఈ యాత్రకు డబ్బు ఎంత ముఖ్యమో మోకాళ్లూ అంతే ముఖ్యం.

చీటీ పాడవద్దు. సగంలో ఉన్న చీటీని అవసరపడి పాడితే లక్ష దాకా తగ్గించుకోవాల్సి రావచ్చు. మిగిలిన వాయిదాలు ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి అది పేరు మార్చుకున్న అప్పే. చివరిదాకా ఉంచుకుంటే ఇంటి మరమ్మతుకో వైద్యానికో పనికొస్తుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ గురించి ఒక్క ముక్క: వడ్డీ ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. పింఛను మీద బతికేవారికి ఆ తలనొప్పి ఎందుకు?

సీనియర్ సిటిజన్స్ స్కీము అసలును తాకవద్దు. మీరు చేరినప్పటి 8.2 శాతం ఐదేళ్లూ అలాగే ఉంటుంది. రెండేళ్లు దాటాక, గడువులోపు మూసేస్తే అసలులో ఒక శాతం, అంటే మీకు 25 వేలు కోత పడుతుంది. దాని వడ్డీ వేరే సంగతి. మూడు నెలలకోసారి 51,250 రూపాయలు వస్తోంది, ఇల్లు పింఛనుతో గడుస్తోందని మీరే రాశారు. ఏప్రిల్, జూలై వడ్డీలు కలిపి 1,02,500. జూలైలో వచ్చే ఎఫ్‌డీ 4.3 లక్షలు. మొత్తం 5.32 లక్షలు. రెండో ఎఫ్‌డీని అత్యవసర నిధిగా ఉంచేయండి.

ఇది సరిపోతుందా అంటే, సొంతంగా ఏర్పాటు చేసుకుంటే సరిపోతుంది. యూరోకు 110 రూపాయలు వేసుకుని చూద్దాం, తక్కువైతే మిగులే. ప్రాగ్‌లో నాలుగు, వియన్నాలో ఐదు, బుడాపెస్ట్‌లో మూడు రాత్రులు. గది రోజుకు 110 యూరోల చొప్పున 1,45,000. భోజనం, ట్రాములు, మ్యూజియం టికెట్లకు ఇద్దరికీ రోజుకు నూరు యూరోల చొప్పున పదమూడు రోజులకు 1,43,000. విమానానికి 1,40,000, వీసా, బీమాలకు 35 వేలు, రైళ్లకు 22 వేలు. మొత్తం 4.85 లక్షలు. చేతిలో ఇంకో 45 వేలకు పైగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకుండా తిరిగి రావడానికి ప్రయత్నించండి. విమానం టికెట్ వెళ్లేది ప్రాగ్‌కు, వచ్చేది బుడాపెస్ట్ నుంచి తీసుకుంటే వెనక్కి ప్రయాణించే ఖర్చు తప్పుతుంది.

టూర్ కంపెనీ ప్యాకేజీ ధరకు ఇంకొకటి తోడవుతుంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద తొలి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను, పడుతుంది. మీ ఆదాయం కొత్త పన్ను విధానంలో రిబేటు పరిధిలోనే ఉంది కాబట్టి అది తిరిగొస్తుంది. కానీ వచ్చే ఏడాది రిటర్ను వేశాకే వస్తుంది. సొంతంగా ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకునే డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్. మీరు ఆ దరిదాపుల్లో కూడా లేరు. అయినా ఎనిమిది ఊళ్లను తొమ్మిది రాత్రుల్లో చూపించే బస్సులో చరిత్ర మాస్టారికి ఏం కనబడుతుంది?

ఇక ఈ యాత్రలో డబ్బు పోయేదీ మిగిలేదీ వీసా దగ్గరే. రైలు టికెట్ ముందే కొంటే చవక అని అందరూ చెబుతారు, అది నిజమే. ప్రాగ్ నుంచి వియన్నాకు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు రెండు గంటల నలభై నిమిషాలు. ఆస్ట్రియా రైల్వే ఓబీబీ ‘స్పార్‌షీనె’ అనే తగ్గింపు టికెట్లు అమ్ముతుంది. చివరి రోజు కొనే ధరలో సగానికంటే తక్కువకే దొరకవచ్చు. కానీ అది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, రైలు తప్పితే డబ్బు పోయినట్టే. వీసా రాకపోయినా అంతే. చవక కదా అని వీసాకు ముందే కొన్న టికెట్ జూదం లాంటిది.

అందుకే వరుస మార్చండి. ఈ మూడు దేశాలకూ చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటారో ఆ దేశానికే పెట్టాలి. మీ లెక్కలో అది వియన్నా ఉన్న ఆస్ట్రియా. జూన్‌లోనే పెట్టేయండి. ఒక్కొక్కరికి 90 యూరోల ఫీజు, దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. ఏప్రిల్ వడ్డీ దీనికి సరిపోతుంది. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునేవే బుక్ చేయండి. విమానానికి రిజర్వేషన్ కాగితం చూపిస్తే చాలు, డబ్బు కట్టిన టికెట్ అక్కర్లేదు. వీసా చేతికొచ్చిన వారంలో, ఎఫ్‌డీ డబ్బు కూడా వచ్చేస్తుంది కాబట్టి, విమానం, రైళ్లు కొనేయండి. అక్టోబరుకు జూలైలో కొన్నా తగ్గింపు టికెట్లు దొరుకుతాయి, ముఖ్యంగా మంగళ, బుధవారాల్లో. సీటు రిజర్వేషన్‌కు వేరేగా కొద్ది యూరోలు అడుగుతారు. మీ వయసులో అక్కడ పొదుపు చేయకండి.

దరఖాస్తుతో బ్యాంకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. బాగుంటుందని మీ అబ్బాయి చేత చివరి నెలలో మూడు లక్షలు వేయించకండి. ఉన్నట్టుండి వచ్చిన పెద్ద మొత్తం అనుమానానికి తావిస్తుంది. పింఛను ఆర్డరు, రెండు ఎఫ్‌డీల రసీదులు, పోస్టాఫీసు పాస్‌బుక్ నకలు జత చేయండి.

యూరప్‌లో చాలా దేశాల రైళ్లకు ఒకటే టికెట్‌గా పనికొచ్చే యూరెయిల్ పాస్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. 60 దాటినవారికి పది శాతం తగ్గింపు కూడా ఉంది. మీరు దాటేది రెండు సరిహద్దులే. మీకు విడి టికెట్లే చవక. రోజు మార్చి రోజు రైలెక్కే వారికి పాస్ లాభం.

మూడు దేశాల్లో మూడు కరెన్సీలు. ఆస్ట్రియాలో యూరో, ప్రాగ్ ఉన్న చెక్ దేశంలో కొరునా, బుడాపెస్ట్ ఉన్న హంగరీలో ఫోరింట్. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డును ప్రాగ్‌లో గీకితే కరెన్సీ మార్పు చార్జీ పడుతుంది, సాధారణ క్రెడిట్ కార్డుకైతే మూడున్నర శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ, దాని మీద జీఎస్టీ. కాబట్టి వియన్నాకు యూరో కార్డు, మిగతా రెండు నగరాలకు ఫారెక్స్ మార్కప్ లేని కార్డు. ఒకటి మీ దగ్గర, ఒకటి మీ శ్రీమతి సంచిలో. దుకాణంలో మెషిన్ ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దనండి. రూపాయి అనగానే మనకు ప్రేమ పుట్టుకొస్తుంది, వాళ్లు వేసుకునే రేటు ఆ ప్రేమకు ధర. యూరోలు రెండు మూడు విడతల్లో కార్డులో వేసుకోండి. ఇంత చిన్న మొత్తానికి రోజూ రేటు చూస్తూ కూర్చోవడం దండగ.

ప్రాగ్‌లో నోట్లు మార్చే దుకాణాల దగ్గర మాత్రం నిలబడి ఆలోచించండి. బయట పెద్ద అక్షరాలతో కమీషన్ సున్నా అని ఉంటుంది. పక్కన కనిపించే మంచి రేటు చాలాసార్లు వాళ్లు మనకు యూరోలు అమ్మే రేటు. మీరు ఇచ్చే యూరోలకు వాళ్లిచ్చేది వేరే, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నోటు చేతిలోంచి వదలకముందే ‘వంద యూరోలకు ఎన్ని కొరునాలు ఇస్తారు’ అని కాగితం మీద రాయించుకోండి. మోసపోయామనిపిస్తే, 2019 నుంచి అమలైన చెక్ చట్టం ప్రకారం, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చు. అంచేత రసీదు పారేయకండి.

బీమా విషయం మీరు రాయలేదు. షెంగెన్‌కు కనీసం 30 వేల యూరోల వైద్య కవరేజీ తప్పనిసరి. ఇద్దరిలో ఎవరికైనా బీపీ, షుగర్ ఉంటే దాచకుండా ప్రతిపాదన పత్రంలో రాయండి. పాత జబ్బుకు కవరేజీ లేని చవక పాలసీ అసలు అవసరం పడినప్పుడే పనికిరాకుండా పోతుంది. రెండు మూడు వేలు ఎక్కువైనా కవరేజీ ఉన్నదే తీసుకోండి. మందులు, డాక్టర్ చీటీ విమానంలో చేతి సంచిలోనే ఉంచండి.

తేదీలు కూడా డబ్బే. అక్టోబరు 23 హంగరీకి, 26 ఆస్ట్రియాకు, 28 చెక్‌కు జాతీయ దినాలు. ఆ వారంలో సెలవులు కలిసొచ్చి గదుల ధరలు పెరుగుతాయి, ఆ సెలవు రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. నెల చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక చీకటి త్వరగా పడుతుంది. అక్టోబరు మొదటి రెండు వారాలు మేలు. బతుకమ్మ రోజులు అందులో పడితే మీ శ్రీమతి వద్దనవచ్చు. అప్పుడు సెప్టెంబరు చివరికి జరుపుకోండి, లెక్క పెద్దగా మారదు. దసరా సెలవుల ముందువెనక మాత్రం హైదరాబాద్ నుంచి విమానం టికెట్లు చవకగా దొరకవు.

చివరగా ఒక పని. జూలై ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉందేమో ఇప్పుడే రసీదు తీసి చూడండి. పెట్టి ఉంటే గడువు తేదీ నాడే అది మళ్లీ డిపాజిట్ అయిపోతుంది, తర్వాత తీస్తే వడ్డీలో కోత పడవచ్చు. జూన్ నెలాఖరులోగా బ్యాంకుకు వెళ్లి, గడువు తీరగానే సేవింగ్స్ ఖాతాలో వేయమని రాసిచ్చి, ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకోండి.