పెన్నుతో గీసిన గీత

మీ అక్కకి వచ్చే నెల క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో ఎక్స్‌పాండర్ (తర్వాత పెట్టే ఇంప్లాంట్‌కి చోటు కోసం చర్మాన్ని మెల్లగా సాగదీసే సంచి) పెడుతున్నారు, ఇన్ఫెక్షన్ రాకుండా ఇంట్లో ఏం చూసుకోవాలి అని అడిగారు కదా. నాకు ఇదే ఆపరేషన్ రెండేళ్ల కిందట అయింది. డాక్టర్ని కాను, నేను పడ్డ పాట్లు చెప్తాను.

థియేటర్ సంగతి వాళ్లు చూసుకుంటారు, అసలు కథ ఇంటికొచ్చాకే. నన్ను రెండు డ్రెయిన్లతో పంపారు. ఒంట్లోంచి గొట్టం, చివర దానిమ్మకాయంత ప్లాస్టిక్ బల్బు. మా ఆయన రోజూ రెండు పూటలా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, అందులో నీరు కొలిచి పిల్లల నోట్‌బుక్‌లో రాసేవారు. వరసగా రెండు రోజులు 30 మి.లీ. లోపు వస్తే తీసేస్తామన్నారు. నాకేమో 55, 60, మళ్లీ 50. విసుగొచ్చి ఒకరోజు తక్కువ వేసి రాయమన్నాను, తిట్టారు. గొట్టం ఎక్కువ రోజులుంటే దాని వెంటే క్రిములు లోపలికి పోతాయట, తొందరపడి తీసేస్తే లోపల నీరు చేరుతుందట. ఎటు చూసినా తంటానే.

పన్నెండో రోజు సాయంత్రం కుట్ల కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనపడింది. ముట్టుకుంటే వేడి, నొప్పి మాత్రం లేదు, ఎందుకంటే అక్కడ స్పర్శే పోయింది! ఈ ముక్క ముందు ఎవరూ చెప్పలేదు నాకు. నొప్పొస్తే చూద్దాంలే అని కూర్చోకుండా రోజూ అద్దంలో చూసుకోమనండి. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఎవరో కుర్ర డాక్టరు, జ్వరం 100.4 దాటలేదుగా, పారాసెటమాల్ వేసుకుని ఎల్లుండి ఓపీకి రండమ్మా అన్నాడు. మా ఆయన బాల్ పెన్నుతో ఎరుపు చుట్టూ గీత గీసి పక్కనే టైం వేశారు, 7:10. పదింటికి చూస్తే గీత దాటి రెండు వేళ్ల మేర పాకింది. ఆ రాత్రే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఐదు రోజులు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు, ఎక్స్‌పాండర్ దక్కింది. క్రిములు దాని మీద పొరలా పట్టేస్తే మందులు సరిగ్గా పనిచేయవు, అప్పుడు తీసేసి మళ్లీ నెలల తరబడి ఆగాలి అన్నారు మా సర్జన్.

ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నేనైతే చుట్టాల మీదే వేస్తాను. మన చర్మం మీదుండే క్రిములే అయ్యుంటాయి అంటారు సర్జన్, అననివ్వండి. బాలింతకైతే పురుడు పేరు చెప్పి పది రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వరు, క్యాన్సర్ మనిషికి ఆపాటి మర్యాద కూడా లేదు. యాపిల్స్ పట్టుకుని బస్సు దిగి నేరుగా నా మంచం మీదే కూచునేవాళ్లు, దగ్గుతూ ఒకాయన. మా పెద్దత్త పసుపూ కొబ్బరినూనె కలిపి గిన్నెలో తెచ్చి "రాయవే తల్లీ, కుట్లు ఇట్టే ఎండిపోతాయి" అంటే, వద్దని చెప్పడానికి నాకు ఆపరేషన్‌కన్నా ఎక్కువ ధైర్యం కావాల్సొచ్చింది.

మీ అక్కకి షుగర్ ఉంటే ఇప్పుడే అదుపులోకి తెచ్చుకోమనండి, ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తుంటే బయటికి పంపండి. ఇన్సూరెన్స్ వాళ్లు ఇది అందం కోసం చేయించుకున్నది, డబ్బివ్వం అంటే నమ్మకండి, క్యాన్సర్ తర్వాత రొమ్ముని మళ్లీ తయారుచేసే రీకన్‌స్ట్రక్షన్‌కి ఆ మినహాయింపు వర్తించదని వాళ్ల పాలసీ కాగితంలోనే ఉంటుంది, నేను నాలుగు నెలలు పోట్లాడాను.

పెద్దత్త గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది. ఆవిడ అడగలేదు, నేనూ తిరిగివ్వలేదు.