డబ్బు తర్వాత, కాగితం ముందు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి పాటల ఛానల్ పెడతావట. ఈలోపు హైదరాబాద్‌లో ఎవరో ఛానల్ వాళ్లు నీ పాటకు ముప్పై వేలు ఇస్తామన్నారట. వినగానే సంతోషమైంది బిడ్డా. నీది మీ నాయనమ్మ గొంతు. బతుకమ్మ దగ్గర ఆమె ఎత్తుకుంటే అవతలి వాడకట్టు వాళ్లు కూడా చప్పట్లు అందుకునేవాళ్లు. ఆ గొంతు ఆమెతోనే పోయిందనుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ముప్పై వేల మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నా.

ఉద్యోగం ఇప్పుడే మానకు. యూట్యూబ్‌లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ దాటితేనే పెద్ద వీడియోలకు ప్రకటనల డబ్బు మొదలవుతుంది. స్పాటిఫై అనే పాటల యాప్‌లో 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లైనా వినని పాటకు పైసా రాదు. మైకు మంచిది కొనుక్కో. రికార్డింగ్ ముందురోజు పెళ్లిళ్లలో అరవకు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు, ఊరికే రాశా.

మీ అమ్మ భయం వేరే. "అందరూ ఫ్రీగా దించుకుంటరు బావా, పిల్లకు ఏం మిగులుతది?" అంటుంది. ఈ లొల్లి నేను చిన్నప్పటి నుంచి వింటున్నా. బస్టాండు ముందు నా క్యాసెట్ల కొట్టు నీకు లీలగా గుర్తుండాలి. జనం కావాల్సిన పాటల జాబితా, ఖాళీ క్యాసెట్ తెచ్చి ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాణ్ణి. తర్వాత ఎంపీ3 సీడీలొచ్చాయి, ఒక్కోదాంట్లో నూటయాభై పాటలు. ఆ తర్వాత పక్కన ఫోన్ల కొట్టువాడు ఇరవై రూపాయలకు చిప్పు నిండా పాటలు ఎక్కించి నా కొట్టు మూయించాడు. అమెరికాలో 1999లో నాప్‌స్టర్ అనే పాటల సర్వీసును ఒక కాలేజీ పిల్లగాడు మొదలుపెట్టాడు. ఒకరి కంప్యూటర్‌లో పాట ఇంకొకరు తీసుకోవచ్చు. పాటల కంపెనీలు కోర్టుకెక్కి 2001లో మూయించాయి. అప్పుడు కంపెనీలన్నీ అన్న మాట ఒకటే: కళాకారుల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారు అని. ఆ దేశంలోనే కోర్ట్నీ లవ్ అనే గాయని 2000లో లేచి, అసలు దోపిడీ కంపెనీలు రాయించుకునే ఒప్పందాల్లోనే ఉందని నిలదీసింది. పేపర్లో అది చదివి, మన ఇంటి సంగతి ఈమెకెట్లా తెలిసిందా అనుకున్నా.

మీ బాపు ఇది నీకు చెప్పడు. చెప్పమన్నా చెప్పడు. అందుకే నేను రాస్తున్నా.

తొంభైల్లో, నువ్వు పుట్టకముందు, మీ బాపు రాసి, బాణీ కట్టి, పాడిన పాటలతో ఒక క్యాసెట్ వచ్చింది. పట్నం నుంచి ఒక కంపెనీ ఆయన మా కొట్టుకే వచ్చి అడిగాడు. స్టూడియోలో పొద్దున ఏ సైడు, మధ్యాహ్నం బీ సైడు అయిపోయాయి. నాలుగు వేలు, బస్సు ఛార్జీలు, రెండు పూటల భోజనం. సాయంత్రం నోట్లు లెక్కపెట్టి మీ బాపు చేతిలో పెట్టాక స్టాంపు కాగితం ముందుకు జరిపాడు. అంతా ఇంగ్లీషు. "ఏంలేదు, రసీదు అనుకోండి" అన్నాడు. డబ్బు జేబులో పెట్టుకున్నాక కాగితం చదివితే ఎదుటివాణ్ణి అనుమానించినట్టు ఉంటుందని మీ బాపు సంతకం పెట్టేశాడు. మర్యాద మనిషి కదా! భూమి కొనేముందు పహాణీ ముగ్గురికి చూపించుకునే ఇల్లు మనది, పాట అమ్మేటప్పుడు ఎవరికీ చూపించలేదు.

ఆ క్యాసెట్ తిరగని ఊరు లేదు. బరాతుల్లో, గణపతి మండపాల్లో, వరి కోతల ట్రాక్టర్ల మీద అదే. కొట్టుకొచ్చి "ఆ పాటలు నింపు" అని నన్నే అడిగేవాళ్లు. మీ బాపు స్టూలు మీద కూర్చుని "నింపన్నా, నా జేబులకెళ్లి పోయేదేమున్నది" అనేవాడు. ఆ లెక్క తప్పు కాదు. అసలు క్యాసెట్ అమ్ముడుపోయినా ఆయనకేమీ రాదు, నకలు అమ్ముడుపోయినా రాదు.

కొన్నేళ్లకు ఇంకొకరు పిలిచి ఆయన పాటే మళ్లీ పాడించబోతే మొదటి కంపెనీ నుంచి వకీలు నోటీసు వచ్చింది. అప్పుడు ఆ కాగితం తెలుగులో చదివించుకున్నాం. రాత, బాణీ, గొంతు, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న రూపాల్లోనూ ఇకముందు రాబోయే రూపాల్లోనూ వాళ్లవే. ఆ "రాబోయే రూపం" ఇప్పుడు నీ ఫోన్లో ఉంది. ఆ పాట యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు. కింద ఏం రాశారో చూశావా? "రచన: జానపదం." కింద ఎవరో "ఇది మా తాతల కాలం పాట" అని కామెంట్ పెడితే మీ బాపు దానికి లైక్ కొట్టాడు. ఇదేందిరా అంటే, "తాతల కాలంది అనిపించిందంటే మంచిగనే రాసిన గదనే" అన్నాడు. వాడితో ఏం మాట్లాడతాం చెప్పు.

నీ కాలానికి చట్టం కొంచెం మారింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీలో, అంటే పాట వాడినప్పుడల్లా వచ్చే డబ్బులో, సమాన వాటా వదులుకుంటున్నామని రాసిచ్చినా ఇప్పుడు చెల్లదు. తమ వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఆ వాటా రాసివ్వలేరు. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లే లెక్క. పాడినవాళ్లకూ రాయల్టీ హక్కు ఉంది. కాబట్టి "ముప్పై వేలతో అన్ని హక్కులూ మావే" అని రాస్తే, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ప్రకటనల డబ్బులో నీకెంత అని విడివిడిగా అడుగు. రచయితగా ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో, పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సొసైటీ అది, 1969 నుంచి ఉంది. నీ రాత మీద హక్కు నువ్వున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. అంటే నీ మనవలు కూడా అడగొచ్చు. దాన్ని ఒక పూట రికార్డింగుకు ఇచ్చే కూలీతో తూకం వేస్తారా ఎవరైనా? నువ్వు వేస్తావని కాదు, బాపు కూతురివి కదా, మొహమాటపడతావని నా భయం.

కాపీ సంగతి పట్టించుకోవద్దని అనడంలేదు. పాట నీదే అయినప్పుడు నకలు కొట్టినవాడు నిజంగానే నీ జేబులో చెయ్యి పెట్టినట్టు. నీ వీడియో ఎత్తి తన ఛానల్లో పెట్టుకుంటే ఫిర్యాదు చెయ్యి, తీయించు. ఊరి పిల్లలు ఫోన్లో దించుకుని ట్రాక్టర్ మీద పెట్టుకుంటే మాత్రం ఊరుకో. వాళ్లే రేపు నిన్ను పెళ్లిళ్లకు పిలిచి పాడించేది, ఆ డబ్బు ఎవడూ దించుకోలేడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీ నాయనమ్మ పాడిన ఉయ్యాల పాటలు ఆమె రాసినవి కావు, నువ్వు రాసినవీ కావు. అవి పాడితే ఫలానా ఊరి ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నానని రాయి. నీ పేరు వేసుకున్నావో, నీతో మాట్లాడను. నువ్వు రాసినదాని కింద మాత్రం నీ పేరు ఉండి తీరాలి, జానపదం అనకు, అననివ్వకు. డప్పు కొట్టేవాళ్లు, కోరస్ ఆడవాళ్ల పేర్లు కూడా వేయి. వాళ్ల డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చెయ్యి, "వ్యూస్ వచ్చాక చూద్దాం" అనకు.

ఆ ఛానల్ వాళ్ల కాగితం అన్ని పేజీలూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. ఇక్కడ మనకు తెలిసిన వకీలు ఉన్నాడు, నేనే తీసుకెళ్లి చూపిస్తా. అడ్వాన్స్ అంటూ ఫోన్‌పేలో వేస్తే వెంటనే వెనక్కి వేసెయ్యి. ముందు డబ్బు తీసుకుంటే నోరు లేవదు, అది మన ఇంటి జబ్బు. ఇంకో మాట, కాగితం నాకు పంపినట్టు మీ బాపుకు చెప్పకు. కొత్త పాట మాత్రం ముందు వాడికే వినిపించు.

ఆదివారం లోపల పంపు, సోమవారం నుంచి వకీలు కోర్టు పనిలో దొరకడు.

మీ పెద్దబాపు