పియెత్రో యోన్‌ అంటే ఒక్క క్రిస్మస్ పాటేనా?

ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఆర్గాన్ (చర్చిల్లో వాయించే పెద్ద గొట్టాల వాద్యం) విద్వాంసుడు పియెత్రో యోన్‌ను ‘జెసూ బంబీనో’ (‘బాల యేసు’) అనే ఒక్క క్రిస్మస్ పాటతోనే గుర్తుపెట్టుకోవడం న్యాయమేనా అని ఒకరు అడిగారు. న్యాయం కాదనే అంటాను. అయితే మా విచారణ (పారిష్ చర్చి) గాయక బృందంతో ఏళ్ల తరబడి కీబోర్డు వాయిస్తున్న నాకు కూడా ఆయన పరిచయమైంది ఆ పాటతోనే.

1886లో పీడ్‌మాంట్ ప్రాంతంలో పుట్టిన యోన్, మిలాన్, టూరిన్, రోమ్ నగరాల్లో చదువుకుని, కొంతకాలం వాటికన్‌లో సహాయ ఆర్గానిస్టుగా ఉండి, 1907లో న్యూయార్క్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చిలో కొలువుకు చేరారు. 1920లలో అదే నగరంలోని సెయింట్ పాట్రిక్ కథీడ్రల్‌కు మారి, 1943లో కన్నుమూసే వరకు అక్కడే కొనసాగారు. కచేరీలు చాలానే చేశారు గానీ, ఆయన ఉద్యోగం మాత్రం వారం వారం జరిగే పూజల్లో వాయించడమే.

ఆ ఉద్యోగం ఎంత కట్టుబాట్ల మధ్య సాగేదో ఈనాటి వాయిద్యకారులకు తెలియదు. పదవ పయస్ పోపు 1903లో జారీ చేసిన శాసనం గ్రెగోరియన్ గానాన్నే (వాద్యం లేకుండా ఒకే వరుసలో పాడే పాత లాటిన్ ప్రార్థనా గానం) ఆదర్శంగా నిలిపి, చర్చిలో పియానోను, డప్పులను నిషేధించి, గాయక బృందంలో స్త్రీలకు బదులు బాలురే పై స్థాయి పాడాలని చెప్పింది. (ఆ నియమం మాకూ వర్తిస్తే మా బృందంలో మిగిలేది నలుగురే.)

1917లో వెలువడిన ‘జెసూ బంబీనో’ నడక 12/8, అంటే మన లెక్కలో తిశ్రగతి. క్రిస్మస్ రోజుల్లో ఇటలీ కొండల నుంచి దిగివచ్చే గొర్రెల కాపరులు తిత్తి వాయిద్యాలపై పలికించే ఊగుడు లయ అది; దేశం విడిచిన పదేళ్లకు ఆయన చేతికి అదే రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. పల్లవి దగ్గర, ‘ఓ కమ్ ఆల్ యీ ఫెయిత్‌ఫుల్’ అనే క్రిస్మస్ పాటతో అందరికీ తెలిసిన ‘వెనీతే అదోరేముస్’ (‘రండి, ఆరాధిద్దాం’) వరుస ఆ ఊపులోనే కలిసిపోతుంది. మొదటిసారి వాయించినప్పుడు తేలిక పాటే కదా అని వేగం పెంచాను. రెండో చరణానికే పిల్లలకు ఊపిరి అందక ముగ్గురు ఆగిపోయారు. ఎడమచేయి ఉయ్యాల ఊపినట్టు మెల్లగా కదిలితేనే ఆ పాట నిలుస్తుందని ఆ రాత్రి తెలిసింది.

ఆయన మరో ముఖం చూడాలంటే ‘లోర్గానో ప్రిమితీవో’ అనే ఆర్గాన్ కృతి వినండి. రకరకాల నాదాల గొట్టాల వరుసలుండే అంత పెద్ద వాద్యంలోంచి ఫ్లూట్‌లా పలికే ఒక్క వరుసనే తీసుకుని, చిలిపిగా, ఆడుకున్నట్టు రాశారు.